పక్కన కూర్చునే మనిషి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాలేజీ, యూనివర్సిటీ చదువుల గురించే. రాసినవాళ్లలో విద్యార్థులున్నారు, పాఠాలు చెప్పేవాళ్లున్నారు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లున్నారు. పిల్లలు చదువు మధ్యలో జారిపోకుండా ఏం చేయాలి అన్నదే అందరి బాధా. ప్రవర్తనా శాస్త్రం, అదే బిహేవియరల్ సైన్స్, దీని మీద చాలా ప్రయోగాలు చేసింది. గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. రెండూ చెబుతాను, ఎందుకంటే ఓడినవాటి దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను డిగ్రీ రెండో ఏడాది. ప్రతి సెమిస్టర్ మొదట్లో రంగురంగుల పెన్నులతో టైమ్‌టేబుల్ గీసి గోడకి అంటిస్తాను. మూడో వారానికి ఆ కాగితం వైపు చూడాలంటేనే సిగ్గేస్తుంది. ఈసారి ఎలాగైనా 80 శాతం తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. మోటివేషన్ వీడియోలు చూస్తే వచ్చే ఊపు రాత్రికే దిగిపోతోంది. నాలో పట్టుదల లేదంటారా?
– ఒక విద్యార్థిని

జవాబు: పట్టుదల సంగతి కాసేపు పక్కన పెట్టమ్మా. 80 శాతం అని రాశావు, బాగానే ఉంది, కానీ రేపు సాయంత్రం ఏ పుస్తకం తీస్తావో, ఎక్కడ కూర్చుంటావో, ఎన్ని లెక్కలు చేసి లేస్తావో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నాకు లోటు కనిపించింది అక్కడే.

చాలా పాత ప్రయోగం ఒకటి చెబుతాను. 1965లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో హోవర్డ్ లెవెంతాల్, ఆయన తోటి పరిశోధకులు చివరి ఏడాది విద్యార్థులకి టెటనస్ టీకా వేయించుకోమని చెబుతూ కరపత్రాలు పంచారు. కొందరి కరపత్రాల్లో ఒళ్లు జలదరించే ఫోటోలు పెట్టారు. చదివినవాళ్లు భయపడ్డారు, వేయించుకోవాల్సిందే అన్నారు కూడా. తీరా చూస్తే, ఎంత భయపెట్టినా ఒట్టి కరపత్రం చదివినవాళ్లలో టీకాకి వెళ్లింది దాదాపు 3 శాతం మంది. ఇంకో గుంపుకి కరపత్రంతో పాటు క్యాంపస్ మ్యాప్ ఇచ్చి, ఆరోగ్య కేంద్రం చుట్టూ ఒక సున్నా చుట్టి, "నీ వారం క్లాసులన్నీ చూసుకో, ఎప్పుడు ఖాళీ ఉంటుందో, ఏ దారిన వెళ్తావో అనుకో" అన్నారు. వాళ్లలో దాదాపు 28 శాతం వెళ్లారు. ఆ కేంద్రం ఎక్కడుందో నాలుగేళ్లుగా అక్కడ చదువుతున్న పిల్లలకి తెలియక కాదు కదా, 'మంగళవారం రెండు గంటల క్లాసు అయ్యాక అటే వెళ్తాను' అన్న ఒక్క ముక్క వాళ్ల బుర్రలో అప్పటిదాకా లేదు, అంతే.

జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ ఇదే విషయాన్ని తర్వాత ఇంకా లోతుగా చూశాడు. క్రిస్మస్ సెలవుల్లో 48 గంటల్లోపు ఒక చిన్న రిపోర్టు రాసి పంపమని విద్యార్థులకి చెప్పారు, అందులో కొందరిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసిమ్మన్నారు. అలా రాసిచ్చినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది గడువులోపు పంపారు, మిగతావాళ్లలో మూడింట ఒక వంతే. పండగ సెలవుల్లో కూడా!

ఇక నీ 80 శాతం సంగతి. అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో దాదాపు 4,000 మంది విద్యార్థులతో ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం ఉంది, 2020లో పత్రికలో అచ్చయింది. కొందరిని ఈ కోర్సులో ఎన్ని మార్కులు తెచ్చుకుంటావో లక్ష్యం పెట్టుకోమన్నారు, ఇంకొందరిని ఎన్ని ప్రాక్టీసు పరీక్షలు రాస్తావో పెట్టుకోమన్నారు. మార్కుల లక్ష్యం చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలేదు. ప్రాక్టీసు పరీక్షల లక్ష్యం పెట్టుకున్నవాళ్లు ఆ పరీక్షలు ఎక్కువ రాశారు, కోర్సులో మార్కులూ పెరిగాయి. మార్కులు నీ చేతిలో సగమే ఉంటాయి, పేపరు ఎలా వస్తుందో నీకు తెలీదు. పది లెక్కలు చేయడం మాత్రం పూర్తిగా నీ చేతిలో పని.

కాబట్టి గోడ మీద కాగితం తీసేసి ఒక చిన్న చీటీ రాసుకో. నా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను రాయించేది ఇలా ఉంటుంది: "భోజనం అయ్యి ప్లేటు కడిగిన వెంటనే, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర, మూడో యూనిట్ పాత ప్రశ్నలు ఐదు, పుస్తకం మూసి." అంతే ఉంటుంది చీటీ. రోజంతటికీ టైమ్‌టేబుల్ వేయొద్దు, రోజుకి ఇలాంటి ఒక్క చీటీ చాలు. 'పుస్తకం మూసి' అన్నమాట కావాలనే రాయిస్తాను. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి, కొందరిని రెండోసారి చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాలయ్యాక పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే వాళ్లకి గుర్తున్నది 42 శాతం, చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం. మళ్లీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడమే మనల్ని ముంచుతుంది.

ఫోన్ గురించి నువ్వు అడగలేదు, అయినా ఒక్క మాట. ఆన్‌లైన్‌లో స్టాటిస్టిక్స్ కోర్సు చేసేవాళ్ల మీద రిచర్డ్ ప్యాటర్సన్ అనే ఆర్థికవేత్త మూడు ఉపాయాలు పరీక్షించాడు. ఇంటర్నెట్‌లో కాలక్షేపం ఎక్కువైతే గుర్తుచేయడం ఒకటి, చదివేటప్పుడు కాసేపు మిగతా సైట్లు మూసేయడం ఒకటి, రోజుకి ఇంతే కాలక్షేపం అని విద్యార్థి తనంతట తను ముందే హద్దు పెట్టుకుంటే ఆ హద్దు దాటగానే సైట్లు ఆగిపోవడం ఇంకొకటి. మొదటి రెండూ పనిచేయలేదు. మూడోది వాడినవాళ్లు కోర్సు మీద 24 శాతం ఎక్కువ సమయం పెట్టారు, గ్రేడ్లు పెరిగాయి, కోర్సు పూర్తిచేసే అవకాశం 40 శాతం పెరిగింది. కాబట్టి హద్దు రాత్రి పది గంటలకి పెట్టుకోకు, అప్పటికి మన మాట మనమే వినం. పొద్దున్నే పెట్టెయ్. పట్టుదల లేదని నిన్ను నువ్వు తిట్టుకోవడం కూడా ఈ వారంతో ఆపేయమ్మా, దాంతో ఒక్క పేజీ కూడా ముందుకి కదలదు.

ప్రశ్న: మేడమ్, నేను లెక్చరర్‌ని, స్టూడెంట్ సపోర్ట్ బాధ్యత కూడా చూస్తున్నాను. మొదటి ఇంటర్నల్‌లో బాగా తక్కువ మార్కులు వచ్చిన 40 మందికి వారానికి రెండుసార్లు ప్రోత్సాహం ఇస్తూ, గడువులు గుర్తుచేస్తూ మెసేజ్‌లు పంపాం. రెండో ఇంటర్నల్‌లో వాళ్లలో చాలామందికి మార్కులు పెరిగాయి. వచ్చే ఏడాది అందరికీ పంపాలనుకుంటున్నాం. ఇది పనిచేసినట్టేనా?
– ఒక అధ్యాపకుడు

జవాబు: చెప్పలేం సార్. మీ కష్టం చిన్నబుచ్చడానికి అనడం లేదు, నేనూ సరిగ్గా ఇక్కడే రెండేళ్లు పొరబడ్డాను. వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం క్లాసులు పెట్టేదాన్ని, వచ్చినవాళ్లు పాసయ్యేవాళ్లు, రానివాళ్లు ఎక్కువమంది తప్పేవాళ్లు, ఇంతకంటే రుజువేం కావాలి అనుకునేదాన్ని. మూడో ఏడు చోటు చాలక పేర్లు చీటీలు రాసి తీసి పిలవాల్సి వచ్చింది. చీటీ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ సెమిస్టర్ చివర పోల్చి చూస్తే తేడా దాదాపు ఏమీ లేదు. అంటే అంతకు ముందు రెండేళ్లూ తమంతట తాము సాయంత్రం ఆగి క్లాసుకి రాగలిగిన పిల్లలు ఎలాగూ పాసయ్యేవాళ్లే. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు నాకు. రెండేళ్లపాటు నా క్లాసుకి రాని పిల్లల గురించి నేను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తెలిసింది.

మీ 40 మంది విషయంలో ఇంకో చిక్కుంది. మొదటి పరీక్షలో అట్టడుగున ఉన్నవాళ్లని ఏరితే, అందులో ఆ రోజు జ్వరంతో రాసినవాళ్లుంటారు, చదవని యూనిట్ నుంచే పేపరు వచ్చినవాళ్లుంటారు. వాళ్లకి మీరు మెసేజ్ పంపినా పంపకపోయినా రెండో పరీక్షలో మార్కులు కాస్త పైకే వస్తాయి. అందుకే పోల్చి చూడ్డానికి అలాంటి పిల్లలే మరికొందరు కావాలి, ఎవరు ఏ గుంపో మన ఇష్టం మీదా వాళ్ల ఇష్టం మీదా కాకుండా లాటరీ మీద తేలాలి. మొత్తం పద్ధతికి గుండెకాయ ఇదే.

ఇక మెసేజ్‌ల గురించి. ఇవి 'నడ్జ్' అనే జాతికి చెందినవి, బలవంతం లేకుండా మనిషిని చిన్నగా తట్టి దారిలో పెట్టడం. ఈ ఆలోచనకి పేరు తెచ్చిన రిచర్డ్ థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. మొదట్లో చేసిన ప్రయోగాలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అమెరికాలో కాలేజీ సీటు వచ్చాక కూడా వేసవిలో కాగితాల పనులు పూర్తిచేయలేక చేరకుండా ఆగిపోయే పిల్లలుంటారు, అలాంటివాళ్లకి బెంజమిన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే పరిశోధకులు ఏ పని ఎప్పటికి చేయాలో చెబుతూ కొన్ని మెసేజ్‌లు పంపించారు. వేరే సాయం పెద్దగా అందని ఊళ్లలో చేరినవాళ్ల సంఖ్య పెరిగింది. అప్పుడు అందరూ ఇదేదో చవకగా బాగుందే అనుకున్నారు. తర్వాత ఇలాంటి పద్ధతినే ఆర్థిక సాయం దరఖాస్తుల కోసం 8 లక్షల మందికి పైగా విద్యార్థులకి విస్తరించి చూస్తే, సాయం అందుకున్నవాళ్లూ పెరగలేదు, చేరినవాళ్లూ పెరగలేదు. నాకు తోచేది ఏంటంటే, ఆ చిన్న ప్రయోగంలో మెసేజ్‌కి తిరిగి జవాబిస్తే అవతల ఒక కౌన్సెలర్ దొరికేవాళ్లు, పిల్లలకి తెలిసిన చోటు నుంచే ఆ మాట వచ్చేది. లక్షల మందికి పంపినప్పుడు మిగిలేది ఫోన్ మోగిన చప్పుడే.

టొరంటో యూనివర్సిటీ ఆర్థికవేత్త ఫిలిప్ ఓరియోపోలస్ బృందం చేసిన పని ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే తాము ఐదేళ్లు కష్టపడింది ఫలించలేదని వాళ్లే 2019లో బయటపెట్టారు. మూడు క్యాంపస్‌లు, దాదాపు 25,000 మంది విద్యార్థులు, ఆన్‌లైన్ అభ్యాసాలు, మెసేజ్‌లతో కోచింగ్, ఎన్నో రకాలు ప్రయత్నించారు. కొన్నిటివల్ల పిల్లల మనసు కాస్త కుదుటపడింది, చదివే సమయం కొద్దిగా పెరిగింది, గ్రేడ్లు మాత్రం కదల్లేదు. విద్యార్థులు తాము అనుకున్నదాని కంటే వారానికి 5 నుంచి 8 గంటలు తక్కువ చదువుతున్నారని వాళ్ల లెక్కల్లో తేలింది. మనసుకి గుచ్చుకునేది ఇంకొకటి ఉంది. మంచి గ్రేడ్ రావాలంటే ఇంకా ఎక్కువ కష్టపడాలని తెలిశాక కొందరు కష్టం పెంచలేదు, ఆశ తగ్గించుకున్నారు. మనం మంచికని పంపే మెసేజ్ చదివి ఒక పిల్లవాడు 'సరే, నాకు ఇంతే' అనుకునే అవకాశం ఉందని పంపేవాళ్లందరికీ తెలియాలి. ఇదే బృందం అంతకు ముందు చేసిన ప్రయోగంలో సీనియర్ విద్యార్థి ఒకరు జూనియర్‌ని ప్రతివారం ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడితే మాత్రం గ్రేడ్లు పెరిగాయి. ఖర్చు ఎక్కువ, మనుషులు కావాలి, కానీ పనిచేసింది.

అలాగని మెసేజ్‌లు పూర్తిగా ఆపేయమని కాదు. గడువు గుర్తుచేయడానికి అవి పనికొస్తాయి, దానికి మించి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. డెల్లావిన్యా, లినోస్ అనే ఇద్దరు 2022లో అమెరికాలో ప్రభుత్వాల కోసం నడ్జ్ ప్రయోగాలు చేసే సంస్థల 126 ప్రయోగాలు, 2 కోట్ల 30 లక్షల మంది లెక్కలు కూడి చూశారు. పరిశోధన పత్రికల్లో అచ్చయ్యే నడ్జ్‌ల ప్రభావం సగటున 8.7 శాతం పాయింట్లు, అంటే నూటికి దాదాపు తొమ్మిది మంది అదనంగా ఆ పని చేసినట్టు, కనిపిస్తే, ఈ సంస్థలు చేసినవాటిలో సగటు 1.4 పాయింట్లే. ఓడిన ప్రయోగాలు పత్రికలదాకా రావడం తక్కువ కదా, తేడాకి అది పెద్ద కారణం.

వచ్చే ఏడు మీరు చేయదలచుకుంటే ఇలా చేయండి. అర్హులందరి జాబితా ముందు రాసుకోండి. ఏం కొలుస్తారో కూడా మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి బీరువాలో పెట్టండి, రెండో ఇంటర్నల్ మార్కులా, అటెండెన్సా, పరీక్ష ఫీజు గడువులోపు కట్టడమా, ఏదో ఒక్కటి. తర్వాత లాటరీ తీయండి. చివర్లో లెక్కేసేటప్పుడు మీ సాయం అందరూ వాడుకున్నా వాడుకోకపోయినా మొదట ఏ గుంపులో ఉన్నారో ఆ గుంపులోనే లెక్కించండి, మెసేజ్ తెరవనివాళ్లని పక్కకి తీసేస్తే నా సాయంత్రం క్లాసుల కథే మళ్లీ మొదలవుతుంది. సంఖ్య కూడా చూసుకోండి. నాణెం 20 సార్లు ఎగరేస్తే 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ బొమ్మలు పడటం దాదాపు నాలుగుసార్లలో ఒకసారి ఊరికే జరిగిపోతుంది. గుంపుకి 20 మందే ఉంటే 12 మంది పాసయ్యారని సంబరపడలేం. రెండు మూడు విభాగాలు కలిసి చేస్తే మంచిది.

ప్రశ్న: మా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టని పిల్లలు ప్రతి ఏడూ చాలామంది. నోటీసు బోర్డులో పెడతాం, వెబ్‌సైట్‌లో పెడతాం, క్లాసుల్లో చెప్పిస్తాం. డబ్బు ఊరికే వస్తుంటే ఎందుకు పెట్టరో అర్థం కాదు. నిర్లక్ష్యమేనా?
– ఒక ఉద్యోగి

జవాబు: నిర్లక్ష్యం కాదండీ. మీరొక పని చేయండి, ఇవాళే మీ దరఖాస్తు ఫారం మీ పేరుతో మీరే మొదటి నుంచి చివరిదాకా నింపండి. ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి.

నేను ఒకసారి ఒక పిల్లవాడి పక్కన కూర్చుని చూశాను. పేరు, పుట్టినతేదీ గబగబా రాశాడు. 'కుటుంబ వార్షిక ఆదాయం' అన్నచోట ఆగాడు. వాళ్ల నాన్నకి ఒక నెల పని ఉంటుంది, ఒక నెల ఉండదు. ఏ అంకె రాయాలో తెలీదు, తప్పు రాస్తే కేసవుతుందేమోనని టెన్షన్, ఎవరినైనా అడగాలంటే ఇంటి సంగతి బయటపెట్టాలి. మళ్లీ చూద్దాంలే అని ఫారం మడిచి సంచిలో పెట్టేసుకోబోయాడు. నేను పక్కన లేకపోతే ఆ కాగితం అక్కడే ఉండిపోయేది. ఆ గడి నింపడానికి మాకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

దీని మీద చాలా మంచి ప్రయోగం ఉంది. అమెరికాలో ఉన్నత చదువుకి ఆర్థిక సాయం కావాలంటే ఒక ఫారం నింపాలి, అప్పట్లో దానిలో వందకి పైగా ప్రశ్నలు. 2008లో ఎరిక్ బెటింగర్, ఇంకొందరు పరిశోధకులు పన్ను రిటర్నులు నింపిపెట్టే ఆఫీసులకి వచ్చిన తక్కువ ఆదాయం కుటుంబాలని లాటరీ పద్ధతిలో విడదీశారు. ఒక గుంపుకి ఎంత సాయం రావచ్చో లెక్కగట్టి చెప్పి, పన్ను వివరాలతోనే ఫారం చాలావరకు నింపి, మిగతా ప్రశ్నలు అక్కడే అడిగి పూర్తిచేశారు. ఇంకో గుంపుకి ఎంత వస్తుందో చెప్పారు కానీ ఫారం నింపే పని వాళ్లకే వదిలేశారు. మొదటి గుంపు ఇళ్లలో స్కూలు చివరి ఏడాది పిల్లల్ని తీసుకుంటే, తర్వాత మూడేళ్లలో కనీసం రెండేళ్లు కాలేజీ చదివినవాళ్లు 36 శాతం, ఏ సాయమూ అందని ఇళ్లలో 28 శాతం. సమాచారం మాత్రమే అందిన గుంపులో ఏ మార్పూ లేదు. మీ నోటీసు బోర్డు ఆ రెండో గుంపుతో సమానం అండీ, తప్పుగా అనుకోకండి.

ఇంకోటి కూడా చూడండి. మిషిగన్ యూనివర్సిటీలో సూసన్ డైనార్‌స్కీ బృందం బాగా చదివే పేద పిల్లల ఇళ్లకి ముందే ఉత్తరం పంపింది: నీకు సీటు వస్తే నాలుగేళ్లూ ట్యూషన్ ఫీజు, ఇతర ఫీజులు ఉండవు, దీనికోసం ఆదాయం ఫారాలు నింపక్కర్లేదు అని. నిజానికి ఆ పిల్లలకి మామూలుగానే దాదాపు అంత సాయం వచ్చేది, కొత్తగా ఇచ్చిన డబ్బంటూ లేదు. 'వస్తుందేమో' అన్నది 'వస్తుంది' అయ్యింది, అంతే మార్పు. ఉత్తరం అందినవాళ్లలో 68 శాతం దరఖాస్తు పెట్టారు, అందనివాళ్లలో 26 శాతం. చేరినవాళ్లు 27 శాతం, 12 శాతం. మీ రికార్డుల్లో ఇప్పటికే ఉన్న వివరాలు ఫారంలో ముందే నింపి, 'మీరు అర్హులు, ఫలానా రోజు ఫలానా గంటకి మా దగ్గరికి రండి, పది నిమిషాల్లో పూర్తిచేద్దాం' అని పేరుపేరునా పిలవండి.

ప్రశ్న: మంచి మార్కులు తెస్తే డబ్బులిస్తామంటే చదువుతారు కదా? ఇంత ఆలోచన ఎందుకు?
– ఒక తండ్రి

జవాబు: అదీ చేసి చూశారండీ. కెనడాలో ఒక పెద్ద యూనివర్సిటీలో మొదటి ఏడాది విద్యార్థుల్లో కొందరికి సీనియర్ల సలహా, గ్రూప్ స్టడీ ఇచ్చారు, కొందరికి మార్కులకి డబ్బు, కొందరికి రెండూ. 2009లో ఫలితాలు వచ్చాయి. రెండూ కలిపి ఇచ్చినప్పుడు అమ్మాయిలకి మార్కులు పెరిగాయి, అబ్బాయిల్లో ఏ మార్పూ లేదు. ఒట్టి డబ్బుతో ఆశించినంత జరగలేదు. చదవాలని ఉండి ఎలా చదవాలో తెలియని పిల్లవాడికి డబ్బు ఆశ చూపిస్తే ఆ 'ఎలా' ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి.

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. క్లాసులో అందరూ ధైర్యంగా ప్రశ్నలడుగుతారు, నాకు నోరు పెగలదు. మొదటి టెస్టులో తక్కువొచ్చాయి. వీళ్లకి అన్నీ తెలుసు, నేనే పొరపాటున వచ్చానేమో అనిపిస్తోంది. ఇంటికి వెళ్లిపోదామా అనుకుంటున్నాను.
– పేరు రాయవద్దు

జవాబు: వెళ్లొద్దు తమ్ముడూ, ముందు ఇది విను. ధైర్యంగా ప్రశ్నలడిగేవాళ్లలో కూడా మొదటి సెమిస్టర్‌లో నీలాగే అనుకున్నవాళ్లు బోలెడుమంది ఉంటారు, పైకి చెప్పరు కాబట్టి నీకు తెలీదు, నువ్వూ చెప్పవు కాబట్టి వాళ్లకి తెలీదు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీన్నే పట్టుకుని అమెరికాలో ఒక కాలేజీలో మొదటి ఏడాది పిల్లలతో గంటసేపు ఒక పని చేయించారు. 'మొదట్లో నాకు ఇక్కడ చోటు లేదనిపించింది, పోను పోను అది పోయింది' అని సీనియర్లు చెప్పిన మాటలు చదివించి, తమ అనుభవం దానితో ఎలా కలుస్తుందో రాయించి, వచ్చే ఏడాది చేరబోయే పిల్లల కోసమని కెమెరా ముందు చదివించారు. ఆ ఒక్క గంట తర్వాత నల్లజాతి విద్యార్థుల గ్రేడ్లకీ తెల్లజాతివాళ్ల గ్రేడ్లకీ మధ్య తేడా మూడేళ్లలో దాదాపు సగం తగ్గింది. 2011లో ఇది వచ్చినప్పుడు చాలామంది నమ్మలేకపోయారు, పాల్గొన్నవాళ్లు వంద లోపే మరి.

అందుకే తర్వాత 22 విద్యాసంస్థల్లో 26,911 మందితో చేశారు, 2023లో ఫలితం వచ్చింది. పనిచేసింది, కానీ అన్నిచోట్లా కాదు. నీలాంటి పిల్లలకి నిజంగానే స్నేహితులు, పట్టించుకునే అధ్యాపకులు దొరికే అవకాశం ఉన్న కాలేజీల్లోనే మొదటి ఏడాది పూర్తిచేసినవాళ్లు పెరిగారు. చోటు ఉంది అని చెబితే సరిపోదు, చోటు నిజంగా ఉండాలి. ఇది నీకంటే మీ అధ్యాపకులు చదవాల్సిన వాక్యం, వాళ్లు చదువుతారనే రాస్తున్నాను.

నువ్వు చేయాల్సింది ఒక్కటే చెబుతాను. ఈ వారంలోనే, క్లాసు అయిపోగానే, నీకు కాస్త దగ్గరగా అనిపించే సీనియర్‌ని ఒకరిని "మొదటి టెస్టులో మీకు ఎన్నొచ్చాయి?" అని అడుగు. వాళ్లు చెప్పేది విన్నాక నాకు మళ్లీ రాయి. రాత్రిళ్లు నిద్రపట్టక, తిండి సయించక, బతుకు మీదే విసుగొచ్చేంతగా ఉంటే మాత్రం సీనియర్ దగ్గర ఆగకు, నేరుగా కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో వెళ్లు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: పిల్లల మీద ప్రయోగాలేంటి? సగం మందికి సాయం చేసి సగం మందిని వదిలేయడం అన్యాయం కాదా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: అడగాల్సిన ప్రశ్న అడిగారమ్మా. సాయం అందరికీ సరిపడా ఉండి, అది పనిచేస్తుందని ముందే తెలిస్తే, లాటరీ తీయడం అన్యాయమే. కుంగిపోయిన పిల్లవాడికి కౌన్సెలింగ్ ఇవ్వాలా వద్దా అని ఎవరూ చీటీలు తీయకూడదు. ఎవరి సమాచారం వాడుతున్నామో వాళ్లకి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, సంస్థలో నైతిక కమిటీ ఉంటే దాని అనుమతి ఉండాలి, వద్దన్న విద్యార్థికి మార్కుల్లో గానీ మాటల్లో గానీ నష్టం జరగకూడదు. వీటిలో ఏది తప్పినా ఆ ప్రయోగం ఎంత మంచిదైనా నేను ఒప్పుకోను.

కానీ మన చేతిలో ఎప్పుడూ 200 మందికి అవసరమైతే 60 మందికి సరిపడా మనుషులే ఉంటారు. ఆ 60 మంది ఎవరు? ఇప్పుడు ముందుగా వచ్చి అడిగినవాళ్లు, లేదా ఏ అధ్యాపకుడికో తెలిసినవాళ్లు. నోరున్నవాళ్లకే అందే పద్ధతి కంటే లాటరీ నాకు న్యాయంగా కనిపిస్తుంది, పైగా చివర్లో ఆ సాయం పనిచేసిందో లేదో కూడా తెలుస్తుంది. న్యూయార్క్ నగర యూనివర్సిటీ వాళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ల డిగ్రీ ఇచ్చే కాలేజీల్లో, అలాగే చేశారు. చదువులో కొంత వెనకబడి చేరిన పిల్లల్ని లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక గుంపుకి ఒక్కో సలహాదారు దగ్గర 60 నుంచి 80 మందే ఉండేలా చూశారు, ఫీజులో తరుగుపడ్డది కట్టారు, పుస్తకాలకి ఇచ్చారు, నెలనెలా బస్సు, రైలు పాస్ ఇచ్చారు, ఆ పాస్ కావాలంటే సలహాదారుని కలవాలి. మూడేళ్లలో డిగ్రీ చేతికొచ్చినవాళ్లు ఆ గుంపులో 40 శాతం, మిగతా గుంపులో 22 శాతం. 2015లో ఆ నివేదిక వచ్చింది. పోల్చి చూసే గుంపు లేకపోయుంటే అంత డబ్బు ఎందుకని ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇలా పోల్చి తేల్చిన ఫలితాలు ఉండబట్టే ఒహాయో రాష్ట్రంలోని మూడు కాలేజీలు కూడా అదే పద్ధతి మొదలుపెట్టాయి.

మీ కాలేజీలో చేసేటప్పుడు ఒక్క పని మర్చిపోకండి. మొదటి లాటరీలో పేరు రానివాళ్ల జాబితా వేరే ఫైల్లో పెట్టి, సాయం పనిచేసిందని తేలితే వచ్చే సెమిస్టర్ మొదటి రోజే ఆ జాబితాలో మొదటి పేరు నుంచి పిలవడం మొదలుపెట్టండి. ఆ సంగతి పిల్లలకి చీటీలు తీయకముందే చెప్పండి.